లాభం కారుతోంది

నేను ఒక ఇంజెక్టర్ని. పెట్రోలు కారు ఇంజనులో ఉంటాను. మీ చూపుడువేలంత పొడవు కూడా ఉండను. మూతిలో కంటికి ఆనని నాలుగు చిల్లులు ఉంటాయి. కరెంటు తగలగానే నోరు తెరిచి పెట్రోలును తుంపరగా చల్లాలి, వెంటనే మూసుకోవాలి. నేను నేర్చిన విద్య ఇంతే. మనుషుల్లో చాలామందికి ఇందులో రెండోది చేతకాదని తర్వాత తెలిసింది.

మేం నలుగురం ఒకే గొట్టానికి వరసగా వేలాడేవాళ్ళం. మా మొదటి యజమాని అంబాజీపేట కొబ్బరి వర్తకుడు. కారు కొన్న వారానికే వెనక సీటు మడిచి కొబ్బరికాయలు నింపాడు. "లారీ ఉంది కదండీ" అని భార్య అంటే, "కారు ఖాళీగా వెళ్తే పాపం కాదటే?" అనేవాడు. ఎనిమిదేళ్ళు ఆ పాపం తగలకుండా చూసుకుని, మమ్మల్ని కొత్తపేట నూకరాజు గారికి అప్పగించాడు.

రైసుమిల్లులో పని చేసిన మనిషికి నూకరాజని పేరుండటం నాకు సరదాగా అనిపించేది. వయసులో ఉండగా కళ్ళాల్లో కుంచంతో ధాన్యం కొలిచేవాడట. తర్వాత మిల్లులో ఆయిల్ ఇంజను చూసుకున్నాడు. నేను వచ్చేసరికి ఆయన రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు రాజమండ్రి ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకోవాలి. రోజుకు ఒక్క సీసా నీళ్ళే తాగాలి. కాఫీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ ఆ లెక్కలోవే. బళ్ళకొద్దీ ధాన్యం కొలిచిన చెయ్యి తన దాహాన్ని తనే కొలుచుకునేది. అది చూస్తే నాకు కష్టంగా ఉండేది.

కారు నడిపేది ఆయన భార్య మంగాయమ్మ. యాభై ఆరో ఏట డ్రైవింగు నేర్చుకుంది. నడుముకు కొంగు బిగించాకే స్టీరింగు పట్టుకునేది, కుస్తీకి దిగుతున్నట్టు.

ఒక శుక్రవారం గౌతమి వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. మంగాయమ్మ ఇంజను ఆపింది. వేడి మీద ఎంత తిప్పినా మళ్ళీ అందుకోలేదు. చల్లారాక కదిలి, గంటన్నర ఆలస్యంగా ఆసుపత్రికి చేరితే నాలుగు గంటలు ఉంచాల్సిన మిషను మీద రెండు గంటలే ఉంచారు. ఆదివారానికి ఆయన పాదాలు పొంగిపోయాయి. సోమవారం తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ కాళ్ళతో ఆయన బస్సెక్కలేడు. పెళ్ళిళ్ళ ముహూర్తాలు, అద్దె కారు ఒక్కటీ ఖాళీ లేదు. రావులపాలెం మెకానిక్కు ఖాజా, పదేళ్ళుగా ఆ ఇంటికి తమ్ముడి లెక్క. అతనూ మేనకోడలి నిఖా పనుల్లో మునిగిపోయి, మంగళవారం వస్తానన్నాడు.

"మంగళవారం దాకా నేనుండొద్దూ?" అన్నాడు నూకరాజు గారు. ఆదివారం పొద్దున్నే పెరట్లో పీట వేయించుకుని బానెట్ ఎత్తించాడు.

మొదట పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను మా నలుగురి మీదా ఒక్కొక్కరి మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. అందరం టిక్కు టిక్కుమన్నాం. గట్టిగా మాట్లాడేవాడు ఆరోగ్యంగా ఉన్నాడనుకోవడం మనుషుల అలవాటు. ఆయనా కాసేపు అలాగే మోసపోయాడు.

తర్వాత మమ్మల్ని గొట్టంతో సహా పైకి తీశాడు. ప్లగ్గులకు కరెంటు వెళ్ళకుండా తీగ పీకాడు. మంగాయమ్మ ఇంట్లో సాంబ్రాణి ముట్టిస్తే, "ముందు దాన్నార్పే! నన్ను రేపటిదాకా ఉంచవా?" అని కేకేశాడు. మందుల సీసాలకు ఆ ఇంట్లో కరువు లేదు. ఒకే కొలతవి నాలుగు కడిగి ఆరబెట్టి మా మూతుల కింద పెట్టి లెక్కపెట్టాడు.

"లాభం, రెండు, మూడు, నాలుగు."

ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అంటే ఏడుపు వినిపిస్తుందని ఆరున్నొక్కటి అంటారు. కళ్ళం వదిలి ముప్పై ఏళ్ళయినా ఆయన నోటికి ఆ అలవాటు పోలేదు. వరసలో మొదటిదాన్ని నేనే కాబట్టి లాభం నేనే అయ్యాను. పుట్టి బుద్ధెరిగాక నాకో పేరు పెట్టింది ఆయనే. కాస్త గర్వపడ్డాను కూడా.

మంగాయమ్మ తాళం తిప్పింది. నలుగురం చల్లాం. సీసాల్లో పెట్రోలు సమానంగా ఉంది. తాళం ఆపేసింది. మిగతా ముగ్గురూ నోరు మూసుకున్నారు. నా మూతి నుంచి ఒక బొట్టు జారింది. మరో బొట్టు. ఇంకోటి. ఎంత బిగబట్టినా ఆగలేదు. ఇలా కారిన పెట్రోలు నిండబట్టే ఇంజను మళ్ళీ అందుకోలేదని, వంతెన మీద ఆయన్ని ఎండలో కూర్చోబెట్టింది నేనేనని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇవ్వడం బానే ఇత్తంది మంగా. ఆపడమే రావట్లేదు దీనికి. లాభం పోయిందని ఖాజాకి చెప్పు. నా చేతులు పెట్రోలు."

మంగాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఖాజాకు ఫోను చేసింది. "తమ్ముడూ, మీ అన్నయ్యగారు... లాభం... పోయిందయ్యా. ఒక్కసారి రాలేవా?" అంది. అవతల పెళ్ళింట్లో బ్యాండు మోగుతోంది. ఆ రొదలో ఖాజా చెవిన ఏ మాటలు పడ్డాయో, అవి ఏ వరసలో పడ్డాయో మీరే ఊహించుకోండి.

అరగంటలో ఖాజా కారు గుమ్మం ముందు ఆగింది. మా కారు లాంటిదే, రంగు వేరు. కొత్త షేర్వాణీలో ఖాజా, పట్టుచీరలో అతని భార్య షకీలా దిగారు. అతని చేతిలో పెద్ద బంతిపూల దండ. షకీలా గేటు దగ్గర్నుంచే ఏడుపు అందుకుంది.

పెరట్లో నాలుగు సీసాల మధ్య పీట మీద కూర్చున్న నూకరాజు గారు తలెత్తాడు. "ఏంటి ఖాజా, దండెవరికి?"

ఖాజా నేల మీద చతికిలబడ్డాడు. "లాభం లేదు, పోయారని విన్నానండి."

"లాభం ఇదిగో, కారతంది" అంటూ నూకరాజు గారు నన్ను చూపించాడు. సంగతి అర్థమయ్యాక ఖాజా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ షేర్వాణీ చేతిలో మొహం దాచుకుని ఏడ్చేశాడు. "ఇంకెప్పుడూ ఒకటిని ఒకటే అనండి అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను."

"పోతే ఎవరొత్తారో బతికుండగా చూసుకునే అదృష్టం ఎవడికుంటాదిరా?" అన్నాడు ఆయన. మంగాయమ్మ అపశకునం మాటలు ఆపమని కసిరి, ఆ దండను కారు అద్దానికి వేసేసింది.

ఆదివారం విడిభాగాల కొట్లు తెరవరు. తన కారే తీసుకెళ్ళమని ఖాజా అంటే, అలవాటు లేని బండితో వంతెన ఎక్కనంది మంగాయమ్మ. దాంతో అతను తన కారు బానెట్ ఎత్తాడు. షేర్వాణీ విప్పి భార్య చేతికిచ్చి, తన ఇంజెక్టర్ ఒకటి తీసి నా చోట బిగించాడు. నన్ను షేర్వాణీ జేబులో వేసుకున్నాడు. తన కారు అక్కడే వదిలేసి, ఇద్దరూ ఆటోలో పెళ్ళికి వెళ్ళారు. ఆ నిఖాలో అత్తరు వాసనల మధ్య పెట్రోలు కంపు కొట్టింది నేనే.

సోమవారం పొద్దున ఖాజా నన్ను షాపు బల్ల మీద పెట్టి మందుతో కడిగాడు. మళ్ళీ కారాను. రెండోసారి కడిగాడు. అప్పుడూ కారాను. ఇక నన్ను వదిలేసి ఫోను ముందు పెట్టుకు కూర్చున్నాడు. ఇంటి నుంచి వచ్చిన పెళ్ళి బిర్యానీ మూత కూడా తీయలేదు. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది. రోడ్డు మీద ఏ కారు చప్పుడైనా తలెత్తుతున్నాడు.

ఫోను మోగింది.

"తమ్ముడూ, వంతెన మజ్జిలో మళ్ళీ ఆపేశారు. అరగంట ఆగాం" అంది మంగాయమ్మ.

ఖాజా లేచి పానాల పెట్టె అందుకున్నాడు.

"తాళం తిప్పగానే అందుకుందయ్యా. ఇప్పుడే జొన్నాడ దాటాం. నిద్రపోతన్నారు ఈయన."

ఖాజా ఫోను పెట్టేసి బిర్యానీ మూత తీశాడు. నన్ను తీసి తుక్కు డబ్బాలో వేశాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. పైన అరిగిపోయిన బేరింగులు, పక్కన విరిగిన స్ప్రింగులు. నేను లేకుండానే వాళ్ళు దాటిపోయారని విన్నప్పుడు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ ఆయన నిద్రపోతున్నాడన్న మాట విన్నాక, నన్ను తీసేయడమే మంచిదనిపించింది.