లిఫ్టు గంట

బడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి బరువు తూచారు. ఇంట్లో బుల్లి అని పిలుచుకునే పిల్ల బరువును మాస్టారు క్లాసంతా వినేలా చదివి నవ్వాడు. బస్తాలు తూచేవాడైనా బస్తాను చూసి నవ్వడు.

బుల్లి తండ్రి ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. రోజూ బడి వదిలాక ఆ పిల్ల వచ్చి, లిఫ్టులో ఆయన పక్కన నిలబడి కబుర్లు చెబుతుంది. ఆ సాయంత్రం మాత్రం వచ్చి ఓ మూలకు ఒదిగి నిలబడింది.

లిఫ్టు నిండిపోయాక చివరగా ఒక గుమాస్తా దూరాడు. బరువెక్కువై గంట మోగింది. ఎవరి బరువెంతో గంటకు తెలియదు. జనం మాత్రం తేల్చేసి బుల్లినే చూశారు.

“అమ్మడూ, నువ్వు దిగితే మేమంతా గాల్లో తేలిపోతాం,” అన్నాడు గుమాస్తా.

“చివర ఎక్కినవాళ్ళే దిగాలండీ. మా పాప ముందునుంచీ ఉంది,” అన్నాడు తండ్రి.

గుమాస్తా కదల్లేదు. బుల్లే దిగిపోయి మెట్లెక్కింది.

పై అంతస్తులో అందరినీ దింపేసి, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి తండ్రి నిలబడ్డాడు. బుల్లి ఆయాసపడుతూ వచ్చింది.

“రామ్మా, ఎవరూ లేరు. మనిద్దరమే.”

బుల్లి ఖాళీ లిఫ్టులోకి చూసింది.

“మోగుతుంది నాన్నా,” అని మళ్ళీ మెట్లు దిగసాగింది.

కింద ఎవరో లిఫ్టు కోసం మీట నొక్కుతూనే ఉన్నారు. తండ్రి చెయ్యి తీసి, లిఫ్టులో ఒక్కడే కిందికి వెళ్ళాడు.