షటరన్న అన్న మాట

గాడిలో కాస్త నూనె పోసి షటరన్న తన చెవిని రేకుకి ఆనించాడు. నూనె జారితే చప్పుడేమీ రాదు. అయినా ఆయనకి అదో అలవాటు. నిద్రపోతున్న మనిషి ఊపిరి వింటున్నట్టు కాసేపు అలాగే ఉండి, ఆ తర్వాత రెండు చేతులూ కింద పెట్టి, మోకాళ్ళ బలంతో షటరుని లేపాడు. అది మూలుగుతూ నడుము దాకా వచ్చి ఆగింది.

"అలిగావా? అలుగు అలుగు," అన్నాడు దానితో. రేకు మీద అరచేత్తో తట్టి మళ్ళీ లేపాడు. ఈసారి గలగలమంటూ పైదాకా వెళ్ళిపోయింది.

లోపల ఒకప్పటి చెప్పుల కొట్టు. అరలన్నీ ఖాళీ. పాదం కొలుచుకునే చెక్క ఒకటి మాత్రం నేల మీద మిగిలింది. కొట్టాయన బైపాస్ రోడ్డు మీద కొత్త కొట్టు పెట్టుకుని వెళ్ళిపోతూ, తాళంచెవి షటరన్న చేతిలో పెట్టి "అప్పుడప్పుడు చూస్తుండు" అన్నాడు. ఆయన వెనకే పుస్తకాల కొట్టాయన, ఆ వెనకే పాత్రల కొట్టాయన. అందరూ అదే మాట అన్నారు. ఇప్పుడు షటరన్న నడుముకి వేలాడే ఇనుప రింగు నిండా తాళంచెవులే. ఆయన నడుస్తుంటే మువ్వలు కట్టిన ఎద్దు వస్తున్నట్టు ఉంటుంది.

చూస్తుండమంటే ఆయన నిజంగానే చూస్తున్నాడు. ఎత్తని షటరు పట్టేస్తుంది. తుప్పు పట్టి గాడికి అతుక్కుపోతే ఇక కోసి తీయడమే. అందుకని పొద్దున్నే ఓ నూనె డబ్బా, ఓ గుడ్డ పట్టుకుని బజారు వీధికి వస్తాడు. వంతులవారీగా ఒక్కో ఖాళీ కొట్టూ తెరిచి, కాస్త గాలీ వెలుతురూ లోపలికి పోనిచ్చి, మళ్ళీ దించి తాళం వేస్తాడు. దీనికి ఆయనకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఆయనా ఎవరినీ ఏమీ అడగలేదు. కడుపు నిండేది బైపాస్ రోడ్డు మీది కొత్త షటర్ల పనితో. అవి మీట నొక్కితే వాటంతటవే లేస్తాయి. వాటితో ఆయన మాట్లాడడు.

మనిషి పొట్టి. భుజాలు మాత్రం తలుపంత వెడల్పు. ఏళ్ళ తరబడి కుడిచేత్తో గుంజీ గుంజీ కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. గోళ్ళలో గ్రీజు ఏ సబ్బుకీ లొంగలేదు. పెళ్ళిలో కూడా అవే గోళ్ళు.

వీధి చివర్నుంచి కిర్ర్‌మని ఓ చప్పుడు లేచింది. పిల్లి తోక తొక్కినట్టు మొదలై, ఏనుగు ఘీంకరించినట్టు ముగిసింది. షటరన్న మొహం విప్పారింది. గుండీలమ్మ కొట్టు తెరిచింది.

గుండీలమ్మ ఆయన భార్య. గుండీలు, దారాలు, జిప్పులు, లేసులు అమ్ముతుంది. వీధిలో రోజూ తెరిచే కొట్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, వాటిలో చిట్టచివరిది ఆమెది. అందరి షటర్లూ వెన్నలా కదిలేలా చేసే మనిషి, సొంత పెళ్ళాం షటరుకి మాత్రం చుక్క నూనె వేయడు. అడిగితే ఏదో సాకు చెబుతాడు. అసలు సంగతి ఏమిటంటే, ఆ చప్పుడు వినబడితే ఆమె క్షేమంగా వచ్చిందని అర్థం. సాయంత్రం మళ్ళీ వినబడితే ఇంటికి బయల్దేరిందని అర్థం. వీధిలో ఎక్కడున్నా ఆయనకి ఆ కబురు అందాలి.

"ఏం బావా, మా చెల్లి తలుపు తెరిస్తే ఊరు ఊరంతా ఉలిక్కిపడుతోంది. ఓ చుక్క నూనె పోస్తే నీ ఆస్తి కరిగిపోతుందా?"

స్కూటరు ఆపి పలకరించింది స్టూడియో. అంటే ఒకప్పుడు ఈ వీధిలో ఫోటో స్టూడియో నడిపిన ఆయన. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. వేళాకోళం ఆడటానికి వీలుగా ఉంటుందని స్టూడియోయే గుండీలమ్మని చెల్లెల్ని చేసుకున్నాడు.

"నీ స్కూటరు చప్పుడు కంటే నయంలే," అన్నాడు షటరన్న.

"సాయంత్రం టౌన్‌హాల్లో మీటింగు, గుర్తుందా? బజారుని ఎలా బాగుచేయాలో మనల్నే అడుగుతారట. నువ్వూ ఏదన్నా చెప్పు."

"నేనా? నలుగురిలో నుంచుంటే నాకు నాలిక పట్టేస్తుంది బావా."

"దానిక్కూడా కాస్త నూనె పోసుకో!" అని నవ్వుతూ స్కూటరు తోలుకుపోయాడు.

చెప్పాలని షటరన్నకి లేకపోలేదు. ఒక మాట ఆయన లోపల చాన్నాళ్ళుగా నానుతోంది. మధ్యాహ్నానికి అది చెప్పి తీరవలసిన మాట అయింది.

రోజూలాగే ఆ మధ్యాహ్నం గుండీలమ్మ కొట్టులో బల్ల వెనక కూర్చుని ఇద్దరూ అన్నాలు తిన్నారు. ఆమె గిన్నెలు కడిగి బోర్లించి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అంది.

"ఏవండీ, ఈ నెలాఖరుకి కొట్టు ఎత్తేద్దాం."

ఆయన నీళ్ళ గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు.

"బేరాలు లేవనా?"

"బేరాలు పోతే పోయాయి. పలకరించే మనిషి లేడండీ. మొన్న ఒకావిడ పిన్నీసు కోసం వస్తే, వెళ్ళనివ్వకుండా ఊరి సంగతులన్నీ అడిగాను. పాపం, ఆవిడ భయపడిపోయింది. పొద్దుగుంకేసరికి రెండు పక్కలా మూసిన షటర్లే. నా ఊపిరి నాకే వినబడుతోంది. ఇంట్లోనే కూర్చుంటాను." ఆయన వైపు చూడకుండా అంది. "ఆ కిర్రుమనే గోల కూడా మీకు వదిలిపోతుంది."

ఆ ఒక్క మాటే షటరన్న చెవిలో మోగింది. ఎత్తేద్దాం. ఎత్తేద్దాం. గ్లాసు దించి, బల్ల మీద రంగులవారీగా పేర్చిన గుండీల అట్టల్ని చూస్తూ ఉండిపోయాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ అరలన్నీ ఆయనే చెక్క కోసి బిగించాడు. అప్పుడు ఈ వీధిలో భుజాలు రాసుకోకుండా నడిచే వీలుండేది కాదు.

"మీటింగుకి రా," అన్నాడు చివరికి.

"నేనెందుకు?"

"నేను మాట్లాడతాను."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరా?" అని నవ్వు ఆపుకుంది.

టౌన్‌హాల్లో కుర్చీలు చాలానే వేశారు. జనం మాత్రం ముందు వరసలు వదిలేసి, పరీక్షకి చదవని పిల్లల్లా వెనక సర్దుకున్నారు. షటరన్న పక్క కుర్చీలో రుమాలు వేసి గుండీలమ్మకి చోటు ఉంచాడు. వేదిక మీద మున్సిపాలిటీ ఆఫీసరమ్మ, చిన్న వయసు మనిషి, నల్లబల్ల పక్కన సుద్దముక్క పట్టుకుని నిలబడింది.

"పెద్దది చిన్నది అని లేదు. తోచింది చెప్పండి. అన్నీ రాస్తాను," అంది.

ఇక ఆగారా జనం! కూడలిలో రంగుల ఫౌంటెన్ కావాలన్నారు ఒకరు. కుళాయిలోనే నీళ్ళు రావడం లేదు, ఫౌంటెన్‌లో ఎక్కడివన్నారు మరొకరు. గోడలకి బొమ్మలు వేయాలన్నారు. మూతపడ్డ సినిమాహాలు తెరవాలన్నారు. వీధి పేరు మారిస్తే కలిసొస్తుందని ఒక పెద్దాయన లేచాడు.

"అయ్యా, పేరు మార్చుకున్నాక మీకేం కలిసొచ్చింది?" అని వెనకనుంచి స్టూడియో గొంతు. హాలంతా గొల్లుమంది. ఆఫీసరమ్మ కూడా బల్ల వైపు తిరిగి నవ్వుకుంది.

ఆ నవ్వులో షటరన్న లేచి నిలబడ్డాడు. తాళంచెవులు గల్లుమన్నాయి. అందరూ అటు తిరిగారు. తలుపు దగ్గర గుండీలమ్మ కనిపించింది. అప్పుడే వచ్చినట్టుంది. ఆమెని చూడగానే నానుతున్న మాటంతా పక్కకి పోయి, మధ్యాహ్నం నుంచి చెవిలో మోగుతున్న మాటే నోటికి వచ్చింది.

"అమ్మా... మన వీధిలో కొట్లన్నీ... ఇవాళే... అందరూ ఎత్తేయాలి."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అన్నాడొకాయన. "బాగుచేయడానికి పిలిస్తే అన్నీ ఎత్తేయమంటాడేమిటి?"

"ఇంకా ఎత్తేయడానికి ఏం మిగిలిందని!" అని ఇంకొకరు. నవ్వులు లేచాయి. షటరన్న నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. నిజంగానే నాలిక పట్టేసింది. కూర్చుందామని కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"ఆయన ఎత్తేయమనలేదు," అంది తలుపు దగ్గర్నుంచి గుండీలమ్మ. గొంతు పెద్దది కాదు గానీ అందరికీ వినబడింది. "ఎత్తమన్నారు. ఎత్తేద్దామంది నేను. ఆ మాట ఆయన నోట్లో ఇరుక్కుంది." తర్వాత ఆయన్నే చూస్తూ, "చెప్పండి. షటర్లు ఎత్తాలి. ఆ పైన?" అంది.

ఆ పైన ఆయన ఆమెకే చెప్పాడు. హాల్లో ఇంకెవరూ లేనట్టు, బల్ల వెనక కూర్చుని అన్నం తింటూ చెబుతున్నట్టు చెప్పాడు.

"సాయంత్రం పూట షటర్లు ఎత్తాలి. సరుకు లేకపోయినా సరే. ఓ దీపం పెట్టుకుని, ఓ కుర్చీ వేసుకుని కూర్చోవాలి. చీకటి షటర్ల మధ్య నడవాలంటే ఎవరికైనా బెరుగ్గానే ఉంటుంది. రెండు పక్కలా మనుషులుంటే నడుస్తారు."

"ఏం అమ్మమంటావు మరి?" అన్నాడు ఇందాక నవ్విన ఆయన.

"ఏమీ అమ్మకు. పలకరించు."

ఆఫీసరమ్మ సుద్దముక్క ఎత్తి, ఏం రాయాలో తోచక ఆగిపోయింది. ఫౌంటెన్ అని రాయడం తేలిక. కాసేపటికి బల్ల మీద "పలకరించడం" అని రాసింది. "ఎప్పటినుంచి మొదలుపెడదాం?" అంది.

"ఇవాళే అన్నాడుగా మా బావ," అని స్టూడియో లేచాడు. "నా తాళం ఎలాగూ ఆయన నడుముకే ఉంది. పదండి, నా కుర్చీకి ఎన్ని కాళ్ళు మిగిలాయో చూద్దాం."

అందరూ వెళ్ళారని కాదు. సగం మంది ఇళ్ళకి పోయారు. మిగిలినవాళ్ళు కొంత సరదాకి, కొంత చూద్దామని షటరన్న వెనక నడిచారు. ఆయన ముందు ముందు వెళుతూ ఒక్కో తాళం తీస్తుంటే, షటర్లు గలగలమంటూ లేచాయి. ఏ ఒక్కటీ మొరాయించలేదు. పాత్రల కొట్టాయన తమ్ముడు లాంతరు తెచ్చి పెట్టాడు. చెప్పుల కొట్టులో ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని, పాదం చెక్క మీద ఒకరి కాలు ఒకరు కొలుచుకుని నవ్వుకున్నారు. స్టూడియో గోడకి వేలాడే నీలం తెర దులిపితే దుమ్ముకి వీధంతా తుమ్మింది. దారినపోతున్న ఒక జంట చంటిపాపతో ఆగి "ఫోటో తీస్తారా?" అని అడిగింది. "కెమెరా ఇంట్లో ఉంది. కదలకండి, అలాగే ఉండండి!" అని ఆయన స్కూటరు మీద పరుగెత్తాడు.

ఎప్పుడూ మలుపులోనే తిరిగిపోయే కమలాపళ్ళ బండి, దీపాలు చూసి వీధిలోకి వచ్చింది.

షటరన్న ఒక పండు తీసుకుని గుండీలమ్మ కొట్టుకి వచ్చి చేరాడు. ఎడమ భుజం చాలా బరువుగా ఉంది. షటర్లన్నీ ఒకేసారి ఎత్తడం ఎంత కాలానికి, అందుకే అనుకున్నాడు. బల్ల పక్కన ఎత్తు పీట మీద కూర్చుని, గోడకి ఆనుకుని, పండు ఒలవడం మొదలుపెట్టాడు.

కొట్టులో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి గుండీలు చూస్తున్నారు. మాటలు మాత్రం గుండీల గురించి కాదు. ఒకావిడ కోడలి గురించి, ఇంకొకావిడ మోకాళ్ళ గురించి. గుండీలమ్మ రెంటికీ తలూపుతోంది. మధ్యలో ఒకసారి భర్త వైపు తిరిగింది.

"నెలాఖరు సంగతి తర్వాత చూద్దాం లెండి," అంది, ఏదో చిన్న విషయం చెబుతున్నట్టు.

ఆయన విన్నాడు. అవునన్నట్టు కళ్ళతోనే నవ్వాడు. బయట ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలిచారు, ఎవరో పలికారు. చాన్నాళ్ళకి వీధికి గొంతు వచ్చింది. ఆయన తల మెల్లగా గోడకి ఆన్చి, ఆ చప్పుడు వింటూ కళ్ళు మూసుకున్నాడు.

"ఏవండీ, ఆ పై అరలో లేత పసుపు గుండీలు కాస్త అందుకోండి," అంది గుండీలమ్మ.

ఆయన కదల్లేదు.

"అలిసిపోయారు," అంది ఆమె ఆ ఆడవాళ్ళతో, గొంతు తగ్గించి. తనే ముక్కాలి పీట ఎక్కి అట్ట దించింది. గుండీలు వేరుచేసి పొట్లం కట్టి ఇచ్చింది. వాళ్ళు వెళ్ళాక, ఆయన చొక్కా కాలర్ సరిచేద్దామని చెయ్యి వేసింది. ఆయన ఊపిరి వేళ్ళకి తగల్లేదు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఆమె అరవలేదు. కాసేపు అలాగే, ఆయన కిందికి జారిన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత స్టూడియో వచ్చాడు, ఇంకా చాలామంది వచ్చారు. నలుగురూ కలిసి ఆయన్ని జాగ్రత్తగా లేపి ఇంటికి తీసుకెళ్ళారు. ఆ హడావుడిలో ఆ కొట్టు షటరు దించడం ఎవరికీ గుర్తు రాలేదు.

దీపం వెలుగుతూనే ఉంది. బల్ల మీద, రంగు రంగుల గుండీల అట్టల మధ్య, దోసిలిలా విచ్చుకున్న కమలాపండు తొక్క ఉంది. దాని మీద గ్రీజు బొటనవేలి ముద్ర, లోపల నారంతా తీసి శుభ్రంగా పేర్చిన సగం తొనలు, ఆమె వాటా.