డాక్టరుగారి ఉడికిన గుడ్లు

పళ్ళ డాక్టరు ఆర్సెనియో ఆ వారమంతా రోజూ ఉడికిన గుడ్లు పొట్లం కట్టించుకుని ఇంటికి పట్టుకెళ్ళడం చూసి, ఈయన ఏదో నడిపిస్తున్నాడని బసీలియాకి అనుమానం వచ్చింది.

ఆయన తిండి సంగతి ఆమెకి తెలియనిది కాదు. సెబు దగ్గర కార్కార్ ఊరి సంతవీధిలో ఆమె హోటలు తెరిచినప్పటి నుంచీ కిటికీ పక్కనున్న కుంటిబల్ల ఆయనదే. కొబ్బరాకు బుట్టలో ఉడికించిన అన్నం, కొబ్బరి వెనిగరు పోసి పుల్లగా వండిన చేప, అంతే. చేప చిన్నదైతే ముల్లు ఎత్తి చూపించి ధర తగ్గించమనే రకం. గుడ్డు తింటే కడుపు ఉబ్బుతుందని ఎన్నడూ ముట్టి ఎరగడు. అలాంటి మనిషి బేరం కూడా ఆడకుండా గుడ్లు కొంటున్నాడు.

"వాళ్ళావిడ కోసమేమో," అంది లూడింగ్. ఆమె బసీలియా ఆడపడుచు. ఆ హోటల్లో గరిటె లూడింగ్‌ది, గల్లాపెట్టె బసీలియాది.

"ఆవిడకి గుడ్డు పడదు. కిందటేడు పండక్కి కేకు తిని ఒళ్ళంతా దద్దుర్లు తెచ్చుకోలా?"

"అయితే గుడ్లకి పళ్ళు కట్టిస్తున్నాడు కాబోలు వదినా," అని లూడింగ్ పులుసు కలపడంలో పడిపోయింది.

బసీలియా మాత్రం ఆలోచన మానలేదు. ఎందుకంటే ఆ డాక్టరు చేతిలోనే అప్పుడు ఆమె ఇల్లు ఉంది.

ఇల్లంటే పైన కాపురం, కింద హోటలు. పోయిన భర్త తాతగారు అమెరికావాళ్ళ దొరతనంలో కట్టించిన కొయ్య మేడ. దాని మూల స్తంభాన్ని చెదలు లోపల్లోపలే తినేశాయి. పళ్ళెంలో పులుసు పోస్తే ఒక అంచుకే చేరేది. మునిసిపాలిటీ ఇంజనీరు భోజనానికి వచ్చి, తన పులుసు ఒక పక్కకి పోవడం చూసి, పైకప్పు కేసి చూసి, మళ్ళీ పులుసు కేసి చూశాడు. పునీత కాతలీనా పండగ లోపల స్తంభం మార్చకపోతే తాళం వేయిస్తానన్నాడు. అన్నాక రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు కూడా. కొత్త స్తంభానికి చేవగల తుగాస్ మాను కావాలి. దాని ధర విని బసీలియా మూడు రాత్రులు లెక్కలు వేసుకుంది. హోటలు మూస్తే ఇద్దరాడవాళ్ళకీ వేరే దారి లేదు.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారికి జాలి పుట్టింది. మానూ, వడ్రంగి కూలీ తను భరిస్తానన్నాడు.

ఊళ్ళో పాత నాణేల సంఘానికి అధ్యక్షుడాయన. జపానువాళ్ళు యుద్ధంలో అచ్చేసిన నోట్లు, అడవుల్లో గెరిల్లాలు దొరికిన కాగితం మీద అచ్చేసుకున్న నోట్లు, స్పానిష్ రాజుల బొమ్మలున్న వెండి నాణేలు, అన్నీ ఆల్బముల్లో పెట్టి భోజనానికి కూడా తెచ్చేవాడు. ఎవరి చేతికైనా చేప నూనె ఉంటే బల్ల దగ్గరికే రానిచ్చేవాడు కాదు. బుట్టెడు జపాను నోట్లిస్తే ఒక మామిడిపండు వచ్చేదని ముసలివాళ్ళు నవ్వితే, ఆ బుట్ట ఇప్పుడు ఎవరిదగ్గరుందో చెప్పమని వెంటపడేవాడు. ఇన్ని ఉన్నా ఆయనకి ఒకటి లేదు. పంతొమ్మిది వందల ఆరు నాటి వెండి పెసో నాణెం. వెండి ధర పెరిగిపోయి ప్రభుత్వం వాటిని ఖజానా దాటనివ్వలేదనీ, ఎక్కడో కొన్ని మాత్రమే బయటపడ్డాయనీ ఆయన చెప్పగా చెప్పగా లూడింగ్‌కి కూడా కంఠతా వచ్చేసింది.

భర్త తాతగారు బసీలియా ఉంటున్న మేడ కట్టించింది ఆ మరుసటేడే. ఇల్లు కట్టేటప్పుడు స్తంభం కింద నాణెం వేయడం ఆ ఊరి ఆచారం. ఆయన జాలి ఎక్కణ్ణించి వచ్చిందో ఊహించడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు.

"పాత నాణెం మళ్ళీ కొత్త స్తంభం కిందికే వెళ్ళాలి డాక్టరుగారూ. అది ఇంటి సొమ్ము," అని ఆమె ముందే చెప్పింది.

"నాకెందుకమ్మా అది. ఒక్కసారి కళ్ళారా చూసి, ఫోటో తీసుకుంటా. అంతే," అన్నాడాయన. ఆ మాట ఎంత తియ్యగా అన్నాడంటే, ఆయన చేతిలో పన్ను పీకించుకున్నవాళ్ళెవరైనా వెంటనే దవడ పట్టుకునేవాళ్ళు.

గుడ్ల గుట్టు ఆమెకి గుడ్లు ఒలుస్తుండగానే తెలిసింది. మెడలో వేలాడే మేరీమాత వెండి బిళ్ళకి చిట్లిన గుడ్డు పచ్చసొన అంటుకుని, కాసేపటికి నల్లబడింది. చిన్నప్పుడు అమ్మ కూడా ఇలాగే నల్లబడ్డ వెండి చెంచాల్ని బూడిదతో తోమేది. కొత్తగా మెరిసే వెండిపూత నకిలీ నాణేన్ని గుడ్లతో కలిపి సీసాలో మూత పెడితే, అది ఏళ్ళ తరబడి మట్టిలో ఉన్నట్టే తయారవుతుంది. బసీలియా చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. చూస్తానన్న నాణెం ఒకటి, దాని చోట మార్చి పెట్టేది ఇంకొకటి.

లూడింగ్‌కి చెప్పలేదు. లూడింగ్‌కి చెప్పడమూ సంతలో దండోరా వేయించడమూ ఒకటే. మర్నాటి నుంచి డాక్టరుగారికి మాత్రం గుడ్డు ధర పెంచింది. ఆయన కిమ్మనకుండా ఇచ్చాడు. దాంతో ఆమెకి మిగిలిన కాస్త సందేహం కూడా తీరిపోయింది.

స్తంభం మార్చే రోజు ఉదయం సంతలో సగం మంది అక్కడే ఉన్నారు. వడ్రంగి కార్పో మేడని జాకీల మీద ఎత్తి నిలబెట్టాడు. నాణేల సంఘంవాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో వరసగా నించున్నారు. బలివ్వాల్సిన కోడిని లూడింగ్ చంకలో ఇరికించుకుని, దానికి తోచుబడి కోసం కబుర్లు చెబుతోంది. పాత స్తంభం పక్కకి వాల్చి, కార్పో గుంటలో చెయ్యి పెట్టి తడిమి, నల్లటి బిళ్ళ ఒకటి తీశాడు. అరచేతి నిండా ఉంది. మాడిన అన్నంలా నల్లగా ఉంది. తెల్ల పళ్ళెంలో పెట్టి ఇంటి యజమానురాలికి అందించాడు.

డాక్టరు భూతద్దం తీసి, పళ్ళెంలోంచి నాణేన్ని తీసుకుని వెలుగు కోసం కిటికీ వైపు తిరిగాడు. వీపు అందరి వైపూ ఉంది. చెవులు మాత్రం ఎర్రగా కందిపోవడం, కుడి మోచెయ్యి జేబు వైపు కదలడం బసీలియాకి కనిపించాయి.

"పంతొమ్మిది వందల నాలుగు నాటిది," అన్నాడు పళ్ళెంలో పెట్టేస్తూ. "పాపం, మామూలుదే. ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది." ఫోటో మాట ఎత్తలేదు.

ఆమె దణ్ణం పెట్టుకుంటున్నట్టు పళ్ళెం మొహం దాకా ఎత్తింది. తాతగారి నాటి నాణెం, తన హోటల్లో పొద్దుటిపూట వచ్చే ఉడికిన గుడ్ల వాసనే వేసింది.

అప్పటికప్పుడు ఆయన జేబు తడమమని అరవచ్చు. కానీ ఊళ్ళో సగం పిల్లలకి ఆయన జ్ఞానస్నానపు తండ్రి. పైగా మేడ ఇంకా జాకీల మీద ఉంది, సాయంత్రం కూలీ ఆయనే ఇవ్వాలి. కోపమొచ్చి వెళ్ళిపోతే ఆ గుంట ముందు తనూ లూడింగూ కోడీ మిగులుతారు. బసీలియా నాణేన్ని చేతిలోకి తీసుకుంది.

"కార్పో అన్నా, ఉండు. మా అమ్మ సంతలో చేపలమ్మిన రోజుల్లో మోగించి చూడకుండా వెండి తీసుకునేది కాదు. ఇల్లు కూడా తీసుకోకూడదు కదా."

రాతి గడప మీదికి నాణేన్ని వదిలింది. అది టప్పుమని పడి, డబ్బా మూతలా ఒకసారి దొర్లి ఊరుకుంది. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"రేకు," అన్నాడు కార్పో.

"అయ్యో, మా తాతగారిని ఎవడో మోసం చేశాడు," అంది బసీలియా. గొంతులో నిజంగానే దుఃఖం పలికింది. "అందుకే చెదలు పట్టాయి. రేకు మీద నిలబెడితే ఏ ఇల్లు మాత్రం నిలుస్తుంది?"

ఇప్పుడేం చెయ్యాలని లూడింగ్ అడిగింది. నాణెం లేనిదే స్తంభం దింపనని కార్పో చేతులు కట్టుకున్నాడు. మనిషికి తిండెలాగో స్తంభానికి వెండి అలాగని, తన తండ్రి కూడా ఇదే మాట అనేవాడని చెప్పాడు. అందరి చూపులూ తిరిగి తిరిగి, ఊళ్ళో వెండి ఎవరి దగ్గరుంటుందో అక్కడికే చేరాయి.

"మన డాక్టరుగారున్నారుగా," అంది బసీలియా. "మానిచ్చిన చెయ్యి, ఒక పెసో ఇవ్వదా? ఇలాంటి శుభకార్యానికి వస్తూ జేబులో ఒక మంచి నాణెం వేసుకోకుండా వచ్చే మనిషి కాదాయన. ఏం డాక్టరుగారూ, కుడి జేబులో లేదూ?"

డాక్టరు ఆమె కేసి చూశాడు. ఆమె చాలా వినయంగా చూసింది.

"ఇంటికి పోయి తెస్తా," అన్నాడు డాక్టరు. "ఆల్బంలో..."

"మేడ గాల్లో ఉంది డాక్టరుగారూ," అన్నాడు కార్పో.

సంఘం కార్యదర్శి, పాపం మంచివాడు, వెనక నుంచి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఆ చప్పట్ల మధ్య డాక్టరు కుడి జేబులోంచి నల్లటి బిళ్ళ బయటికొచ్చింది. బసీలియా దాన్ని గడప మీద వేసింది. చర్చి గంటలా మోగి, ఆ మోత ఆగడానికి చాలాసేపు పట్టింది. కార్యదర్శి దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. అగ్నిపర్వతం ముందు సుత్తి పట్టుకుని నించున్న స్త్రీ ఒక పక్క. రెండో పక్కకి తిప్పి, అంకెలు చదివి, ఆయన కూర్చుండిపోయాడు.

"ఆరు," అన్నాడు. "అధ్యక్షా, ఇది ఆరు నాటిది. ఇన్నాళ్ళూ మాకెవరికీ చెప్పకుండా దాచుకుని, ఒక విధవరాలి స్తంభానికి ఇచ్చేస్తున్నావా?"

"మీ దానం, మీ చేత్తోనే వెయ్యాలి," అంది బసీలియా. ఆయన ముందే అడిగిన ఫోటో కూడా తీయించింది.

డాక్టరు గుంట దగ్గర వంగి నాణేన్ని వదిలాడు. కోడి నెత్తురు చల్లారు. తుగాస్ మాను దాని మీదికి దిగి, మేడ అంతా ఒక్కసారి కిర్రుమని సర్దుకుంది. పండక్కి వచ్చిన ఇంజనీరు పళ్ళెంలో పులుసు కదలకుండా నిలబడటం చూసి, తన శాఖ పనితనాన్ని తనే మెచ్చుకున్నాడు.

ఫోటో ఇప్పుడు హోటలు గోడ మీద ఉంది. సెబు నగరం నుంచి కూడా నాణేలవాళ్ళు వచ్చి చూసిపోతున్నారు. అందులో డాక్టరు, వేలాది పళ్ళు పీకిన మనిషి, మొదటిసారి తనే పన్ను పీకించుకున్నవాడిలా నవ్వుతుంటాడు. అంత త్యాగం ఎలా చేయగలిగారని అడిగితే, ఆకాశం కేసి చూపిస్తాడట.

కొన్నాళ్ళు ఆయన భోజనానికి రాలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి, తన కుంటిబల్ల దగ్గర కూర్చుని, అలవాటు ప్రకారం మోచేత్తో నొక్కి చూశాడు. బల్ల కదల్లేదు. వంగి కిందికి చూశాడు. కుంటికాలు కింద నల్లటి రేకు పెసో సరిగ్గా అమిరి ఉంది.

బసీలియా చేపా అన్నం పెట్టి, పక్కన ఒలిచిన గుడ్డొకటి ఉంచింది.

"ఇది ఉత్తినే డాక్టరుగారూ."

"ఆయనకి గుడ్డు పడదు వదినా, కడుపు ఉబ్బుతుంది," అంది లూడింగ్, ఇంకా ఏమీ తెలియని లూడింగ్.

డాక్టరు గుడ్డు కేసి కాసేపు చూశాడు. తర్వాత ఉప్పు అడిగాడు.