ఆవులను తోలే గంట

నేను ఒక గంటను. చర్చిగంటను మాత్రం కాను. ఈ సంగతి మొదటే చెప్పేయడం మేలు. నన్ను చూసినవాళ్లు "ఏ చర్చిదో పాపం!" అని ముచ్చటపడుతూ దగ్గరికి వస్తారు. పక్కనున్న అట్టముక్క చదివి "ఓ, రైలుదా" అనుకుంటూ వెళ్లిపోతారు. అవును, రైలుదాన్నే. జర్మనీ దేశానికి దక్షిణాన, లాంగెన్‌ఫుర్ట్ అనే పట్నం నుంచి వీసెన్‌రైన్ అనే పల్లెదాకా పచ్చికబయళ్ల మధ్యన ఒక చిన్న రైలుదారి ఉండేది. ఆ దారి మీద తిరిగిన ఇంజను వీపున, పొగగొట్టం వెనకాల కూర్చుని నా బతుకంతా గడిపాను.

నా పుట్టుక కూడా చెప్పుకోదగ్గదేమీ కాదు. లాంగెన్‌ఫుర్ట్‌లో గంటలు పోతపోసే కొలిమి ఉండేది. వీసెన్‌రైన్ చర్చికి పెద్దగంట కావాలని అక్కడ రాగీ తగరమూ కరిగించారు. గొంతు తీయగా పలకాలని ఊరి ఆడవాళ్లు తమ వెండి గుండీలు తెంపి ఆ ద్రవంలో వేశారట. మూస నిండాక అడుగున కాస్త కంచు మిగిలింది. "పారబోయడం దేనికి? రైలువాళ్లు చిన్నది ఒకటి అడిగారుగా, పోసెయ్" అన్నాడు మేస్త్రీ. అలా పుట్టాను నేను. నిప్పు ఒకటే, కంచు ఒకటే. కానీ అది గంట, నేను మిగులు.

మమ్మల్ని ఒకే బండిలో ఊరికి తెచ్చారు. దాన్ని పూలతో అలంకరించారు. నన్ను ఇంజనుకు బిగించాల్సిన మనిషి ఇంకా రాలేదని చర్చి గోడవారన గడ్డి కప్పి పడేశారు. ఆ గడ్డిలోంచే దానికి జరిగిన జ్ఞానస్నానం అంతా విన్నాను. నవ్వకండి, అక్కడి కతోలికులు గంటకు కూడా జ్ఞానస్నానం చేస్తారు. ఫాదర్‌గారు దాన్ని పవిత్రజలంతో కడిగారు, తైలం పూశారు, కింద సాంబ్రాణి పొగ పెట్టారు. మరియా అని పేరు పెట్టారు. పసిబిడ్డకు ఉన్నట్టే దానికీ తల్లి స్థానంలో నిలబడే ఒక జ్ఞానతల్లి ఉండాలి. ఆ యేడే కాపురానికి వచ్చిన అఫ్రా అనే రైతు భార్య ఆ పనికి ఒప్పుకుంది. కొత్త పట్టు గౌను వేసుకొచ్చి, దాని చల్లటి ఒంటి మీద చెయ్యి వేసి, కన్నకూతురిని పట్టుకున్నట్టు నిలబడిందట. ఊరంతా మెచ్చుకుంది.

మర్నాడు నూనెచేతుల మనిషి ఒకడు వచ్చి మరలు తిప్పి నన్ను ఇంజనుకు బిగించాడు. "ఊఁ, కదలదు" అన్నాడు. నాకు జరిగిన సంస్కారం అంతే.

పల్లెదారికి గేట్లూ కాపలాదారులూ ఎందుకు, ఖర్చు దండగ అనుకున్నారు రైలువాళ్లు. బండి నెమ్మదిగా పోతుంది కదా, బాటలు దాటేచోటల్లా గంట కొట్టుకుంటూ పోతే సరిపోతుందన్నారు. కాబట్టి నా పని ఆవులనూ బాతులనూ గడ్డిబండ్లనూ పట్టాల మీద నుంచి తోలడం. మరియా మోగితే జనం వచ్చేవారు. నేను మోగితే తప్పుకునేవారు. మా ఇద్దరి తేడా అంతా ఇంతే కానీ, ఇంత చిన్న తేడాను ఏళ్ల తరబడి మింగడం కష్టం.

నా తాడు లాగేవాడు డ్రైవరు బెన్నో. మంచివాడే. కానీ సాయంకాలం మరియా మోగగానే, బండి నడుస్తున్నా సరే, టోపీ తీసి గుండెకు ఆనించుకునేవాడు. నా తాడు పట్టుకున్న చెయ్యే దానికోసం టోపీ తీసేది! ఒక్కసారైనా నా మోతకు తన టోపీ సర్దుకున్నాడేమో అడగండి.

మరియాను మోగించేవాడు అలోయిస్. చర్చి ఊడ్చి, కొవ్వొత్తులు వెలిగించి, గంట కొట్టడం అతని ఉద్యోగం. ఆదివారాలు స్టేషను బల్ల మీద కూర్చుని ఇద్దరూ బీరు తాగేవారు.

"నీ గంటకూ భక్తులున్నార్లే బెన్నో. కాకపోతే నాలుగు కాళ్లవాళ్లు," అనేవాడు అలోయిస్.

"మావాళ్లు గంట మోగగానే లేచి కదులుతారు. మీవాళ్లు గంట మోగగానే వచ్చి కూర్చుని కునుకు తీస్తారు."

"కునుకైనా దేవుడి సన్నిధిలో కదా!"

ఇద్దరూ నవ్వుకునేవారు. నాకు నవ్వు రాలేదు.

అఫ్రాకైతే నేనంటే ఒళ్లుమంట. రైలుదారి ఆమె పచ్చికబయలును నడిమికి కోసుకుపోయింది. ఇటున్న ఆవులు అటు మేయాలంటే పట్టాలు దాటాలి. బండి వచ్చినప్పుడల్లా కంచె దగ్గర నిలబడి, చేతికందిన మట్టిగడ్డ ఇంజను మీదికి విసిరేది.

"నోరుముయ్యవే బొగ్గుకుండా! నీ గోలకు నా ఆవులు పాలు ఎగ్గొడుతున్నాయి!"

ఒకసారి గడ్డ సూటిగా నాకే తగిలింది. బెన్నో బయటికి వంగి, "గురి కుదిరింది అఫ్రా! ఈసారి బహుమతి తెస్తా!" అన్నాడు. మట్టిగడ్డకు నేను బాధపడలేదు. అదే సాయంత్రం మరియా మోగితే, ఆ మట్టిచేతులే గౌనుకు తుడుచుకుని జోడించింది చూడండి, దానికి బాధపడ్డాను.

ఆమెకు ఒక్కడే కొడుకు. పేరు వెండెలిన్. వాడు పెద్దయ్యాక రోజూ పొద్దున్నే పాలక్యాన్లు స్టేషనుకు మోసుకొచ్చేవాడు. తల్లి మాత్రం ఎన్నడూ స్టేషనులో అడుగు పెట్టలేదు, బండి ఎక్కలేదు. పట్నం పోవాలంటే నడిచే పోయేది. తర్వాత యుద్ధం వచ్చింది. వెండెలిన్‌ను ఫ్రాన్సు సరిహద్దుకు పంపించారు. వాడు ఎక్కింది మా బండే. బండి పచ్చికబయలు దాటుతుంటే అఫ్రా పట్టాలకు వీపు తిప్పి నిలబడింది. వాడు కిటికీలోంచి పిలిచాడు. ఆమె తిరగలేదు. పిలుపు వినపడలేదో, తిరిగితే తన ముఖం కనబడుతుందనుకుందో నాకు తెలియదు.

యుద్ధం ముదిరేకొద్దీ ఫిరంగులకు లోహం చాల్లేదు. ఊరూరా చర్చిగంటలు దింపుకుపోయారు. ఊరికొక గంట వదలాలని నియమం ఉందట. మా చర్చి మూలన, చాలా కాలం కిందటే పగిలిపోయిన చిన్నగంట ఒకటి ఉండేది. అధికారులు దాన్ని చూపించి, "ఇదిగో, మీకొకటి వదిలాం" అని మరియాను తీసుకున్నారు. పగిలిందని ఎవరో అంటే, "గంటే కదా" అన్నారు. మనుషులు నియమాలు తప్పరు, అది మాత్రం ఒప్పుకోవాలి. నన్ను ముట్టుకోలేదు. ఆవులను తోలే గంట లేకపోతే రైలు నడవదు కదా.

మరియాను ఎక్కించింది మా బండిలోనే. ఒంటి మీద సుద్దతో ఏవో గీతలు, మెడలో వాడిన పూలదండ. అఫ్రా మొదటిసారి స్టేషనుకు వచ్చింది ఆ రోజే. దాని ఒంటి మీద చెయ్యి వేసి నిలబడింది. బండి కదిలింది. ఆ రోజు నేను ఎంత కమ్మగా మోగానో! ప్రతి బాట దగ్గరా, ప్రతి మలుపు దగ్గరా మోగాను. ఇక ఈ లోయలో గంటంటే నేనే.

ఆ శరదృతువులోనే వెండెలిన్ చనిపోయాడని కబురు వచ్చింది. శవం రాదన్నారు. పడ్డచోటే పూడ్చారట.

ఆ ఊళ్లో ఒకరు పోతే చావుగంట మోగాలి. అది వినపడగానే కొడవలి పట్టినవాడు కొడవలి దించుతాడు, పాలు పితికేది పొదుగు వదిలేస్తుంది. అందరూ టోపీలు తీసి పోయినవాడి కోసం ఒక జపం చెప్పుకుంటారు. అప్పటికిగాని వాడు ఊరి నుంచి సెలవు తీసుకున్నట్టు కాదు. శవం కూడా లేని తల్లికి మిగిలేది ఆ మోత ఒక్కటే.

అలోయిస్ పగిలిన గంటనే కొట్టాడు. అఫ్రా గబగబా చర్చికి వచ్చింది.

"ఆపు అలోయిస్. గరిటెతో గిన్నె కొట్టినట్టుంది. నా కొడుకేం అన్నానికి రావడం లేదు."

అతను తాడు వదిలేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆమె నేరుగా ఇంజను దగ్గరికి వచ్చింది. బెన్నో చక్రాలకు నూనె పోస్తున్నాడు.

"నీ గంట మోగించాలి బెన్నో, నా వెండెలిన్‌కి."

బెన్నో లేచి నిలబడ్డాడు. "నా గంటా? ఇది... అఫ్రా, ఇది ఆవుల గంట."

"తెలుసు."

"బాటల దగ్గర తప్ప మోగించకూడదు. పైవాళ్లకు తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

"వాణ్ణి తీసుకెళ్లింది నీ బండి. తీసుకురావాల్సిందీ నీ బండే."

బెన్నో గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడుచుకున్నాడంటే, చివరికి చేతుల కన్నా గుడ్డే శుభ్రంగా ఉందనిపించింది. "రేపు," అన్నాడు. "నీ బయలు దగ్గర మొదలుపెట్టి చర్చిదాకా. కానీ ఎవరికీ చెప్పకు."

ఆ రోజు నాకెలా గడిచిందో ఎలా చెప్పను? ఇన్నేళ్లుగా నేను ఏడ్చింది దీనికోసమే. మరియా జ్ఞానతల్లి వచ్చి నన్ను అడిగింది! ఇక ఊరు నాకోసం కొడవళ్లు దించుతుంది, నాకోసం టోపీలు తీస్తుంది.

మర్నాడు పచ్చికబయలు దగ్గర బెన్నో బండి వేగం తగ్గించి, బాటల దగ్గర లాగినట్టు గబగబా కాక, ఒక్కో దెబ్బకూ మధ్య ఊపిరి వదిలి, నెమ్మదిగా లాగాడు. నాకున్న గొంతంతా పెట్టి పలికాను.

ఊరు వింది. విన్నవాళ్లందరూ పరిగెత్తి ఆవులను తోలుకున్నారు.

ఒకతను గడ్డిబండిని వెనక్కి లాగాడు. ఒకామె ఒడి విదిలించి బాతులను అదిలించింది. మోత ఆగడం లేదని కంగారుపడి, పట్టాలకు ఎంతో దూరాన మేస్తున్న ఆవులను కూడా కొండ మీదికి తోలారు. "ఏంరా బెన్నో, ఏనుగేమైనా అడ్డం వచ్చిందా?" అని ఒకడు అరిచాడు. బండిలో జనం నవ్వారు. ఒక్క టోపీ కూడా తల వదల్లేదు.

తప్పు వాళ్లది కాదు. నేను పుట్టినప్పటి నుంచీ వాళ్లకు చెప్పిన మాట ఒకటే. ఆ రోజూ వాళ్లకు అదే వినపడింది. కంచె దగ్గర నల్లబట్టల్లో నిలబడ్డ అఫ్రా అంతా చూసింది. ఆమె చేతిలో మట్టిగడ్డ లేదు. ఉంటే బాగుండును, విసిరి ఉంటే బాగుండును అనిపించింది.

ఆ మరుసటి రోజు బండి అక్కడికి వచ్చేసరికి అఫ్రా పట్టాల నడుమ నిలబడి ఉంది. బెన్నో బండి ఆపాడు. ఆమె ఇటు తిరిగి, ఒకసారి తల ఊపి, మళ్లీ అటు తిరిగి పట్టాల వెంటే చర్చివైపు నడవడం మొదలుపెట్టింది. బెన్నోకు అర్థమైంది. ఆమె అడుగుకు తగ్గట్టు ఇంజనును నడిపాడు. నా తాడు లాగాడు.

"ఏమయ్యోయ్, దిగి నడిస్తే ముందే చేరతాం!" అని పెట్టెలోంచి ఎవరో అన్నారు. కిటికీలోంచి తల బయటపెట్టి ముందు ఎవరు నడుస్తున్నారో చూసి, ఆ తల లోపలికి తీసుకున్నారు.

ఆవుల కోసం పరిగెత్తుకొచ్చినవాళ్లు ఆగిపోయారు. రైలు కనబడితే మట్టిగడ్డ విసిరే అఫ్రా, పట్టాల మధ్యన నడుస్తోంది. వెనకాల రైలు, శవపేటికను మోసే బండిలాగా ఆమె అడుగులో అడుగు వేస్తోంది. గడ్డిబండి అతను ముందుగా టోపీ తీశాడు. తర్వాత కొండవాలు మీద ఒక్కొక్కరూ తీశారు. బాతుల ఆవిడ మోకాళ్ల మీద కూర్చుంది. ఆవులు మాత్రం ఎప్పటిలాగే తమంతట తామే తప్పుకున్నాయి.

నేను మోగుతూనే ఉన్నాను. నాకు తెలుసు, ఆ టోపీలు దిగింది నాకోసం కాదు. నా గొంతు ఎంత పలికినా తెరుచుకోని ఊరు, ఒక ఆడమనిషి నడకకు తెరుచుకుంది. ఆ క్షణాన నాకు మరియా మీద కన్నా అఫ్రా మీద ఎక్కువ అసూయ కలిగింది.

బండి తిరిగి లాంగెన్‌ఫుర్ట్ చేరాక, అక్కడి స్టేషనుమాస్టరు గడియారం చూపించి అడిగాడు. "ఏమిటీ ఆలస్యం? మళ్లీ ఆవా?"

"కాదండి, మనిషి," అన్నాడు బెన్నో. "తప్పుకోమని చెప్పడానికి నోరు రాలేదు."

స్టేషనుమాస్టరు గడియారం జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు.

యుద్ధం ముగిశాక కొత్త చర్చిగంట వచ్చింది. దాన్ని మోసుకొచ్చింది కూడా మేమే. దాని రాకను దారంతా చాటింది నేనే! కంచుకు గతిలేని రోజులు, ఉక్కుతో పోశారు. అయినా మళ్లీ పూలు, తైలం, సాంబ్రాణి, పేరు. జ్ఞానతల్లిగా మళ్లీ అఫ్రానే నిలబడింది. స్టేషను పక్కనే చర్చి. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నేను చూడక తప్పలేదు. నాకు ఏం మిగిలింది, ఊరికే మోగాను అనుకున్నాను.

మరియాను దింపుకుపోయాక యుద్ధంలో పోయినవాళ్లకు అప్పటిదాకా సరైన చావుగంట లేదు. కొత్త గంట మొదట వాళ్లకోసమే మోగాలన్నారు ఫాదర్‌గారు. అలోయిస్ మెట్ల మీద నిలబడి ఒక్కొక్క పేరూ గట్టిగా పలికి, లోపలికి వెళ్లి తాడు లాగి వస్తున్నాడు. టోపీలన్నీ చేతుల్లోనే ఉన్నాయి. అలా పిలుస్తూ పిలుస్తూ "వెండెలిన్" అని తాడువైపు తిరిగాడు.

"వాడికి వద్దు," అంది అఫ్రా.

అందరూ ఆమె వైపు చూశారు. ఫాదర్‌గారు మెల్లగా అన్నారు: "అమ్మా, అందరితోపాటూ..."

"వాడికి ఇదివరకే మోగింది ఫాదర్. చావుగంట మనిషికి ఒక్కసారే."

ఆమె స్టేషనువైపు వేలు చూపలేదు, తల కూడా తిప్పలేదు. అలోయిస్ తర్వాతి పేరు పిలిచాడు. ఇంజను మీద బెన్నో తల దించుకుని, నా తాడును ఊరికే, మోగకుండా, పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు తిరిగాను. బొగ్గు పోయి డీజిలు వచ్చింది, పాలక్యాన్లను లారీలు తీసుకుపోయాయి, మనుషులను బస్సులు ఎత్తుకుపోయాయి. పట్టాలు పీకేసి సైకిళ్ల బాట వేశారు. దాని మీద పోయేవాళ్ల చేతికిందనే చిట్టి గంటలున్నాయి, వాటిమీదా నాకు కొంచెం కుళ్లే. స్టేషను గది ఇప్పుడొక చిన్న మ్యూజియం. నేను కిటికీ పక్కన ఉంటాను.

కిటికీలోంచి చర్చి శిఖరం కనబడుతుంది. నవంబరులో మృతుల పండుగ రోజున ఆ ఉక్కుగంట చాలాసేపు మోగుతుంది. ఊరి మృతులందరి కోసం మోగుతోందని మ్యూజియానికి వచ్చినవాళ్లకు కాపలా ఆవిడ చెబుతుంది.

అందరి కోసం కాదు. ఒకడు నావాడు.