సెంటు పూసిన సముద్రం

మా అన్నయ్య ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. ఆయన వాడిన నీలి సిరా సంగతి చెబితే మీరు నవ్వుతారు గానీ, ఒకసారి అందులో చుక్క కుడితితొట్టిలో పడితే మా గేదె కొన్నాళ్లపాటు నీలం పాలు ఇచ్చింది. ఆ పాలు నేను స్వయంగా తాగాను. నమ్మకపోతే మీ ఇష్టం. సాక్ష్యం చెప్పడానికి ఆ గేదె ఇప్పుడు లేదు.

అన్నయ్య పోయాక సీసా అడుగున కాస్త సిరా గడ్డకట్టి మిగిలింది. నా మనవరాలు రెజిన్‌తో నగలూ, గోడకు తగిలించే బొమ్మలూ చేస్తుంది. ఆ గడ్డను స్పిరిట్‌లో కరిగించి, తెల్లటి బిళ్ల మీద చుక్కలు వేసి, నోటితో మెల్లగా ఊదింది. సిరా అలలు అలలుగా పాకింది. ఆరాక పైన తేనెలాంటి రెజిన్ పోసింది. అది గట్టిపడేసరికి రూపాయి బిళ్లంత సముద్రం తయారైంది. దానికి చిన్న రంధ్రం చేసి, రింగు వేసి, లాకెట్‌గా మా వదిన మెడలో వేసింది. వెలుతురుకు పట్టి చూస్తే అలలు కదిలేవి. నాకైతే ఒకసారి అందులో పడవ కూడా కనిపించింది. పడవలో మనిషి చెయ్యూపితే మర్యాదకు నేనూ ఊపాను.

ఇచ్చేటప్పుడు మనవరాలు జాగ్రత్తలన్నీ చెప్పింది. ఎండలో వదిలేస్తే పసుపెక్కుతుంది. వేడినీళ్లు తగిలితే మెత్తబడుతుంది. మెత్తటి గుడ్డతోనే తుడవాలి. సెంటు పూసుకునేటప్పుడు తీసి పక్కన పెట్టాలి.

"బాలింతకు కూడా ఇన్ని పథ్యాలుండవే!" అన్నాను నేను. వదిన మాత్రం బుద్ధిగా తలూపింది.

మొన్నొక మధ్యాహ్నం వదిన మా ఇంటికొచ్చి నేరుగా మనవరాలు పనిచేసే గదిలోకి నడిచింది. బల్ల మీది గ్లాసులూ, కలిపే పుల్లలూ పక్కకు జరిపి లాకెట్ పెట్టింది. సముద్రం కనబడలేదు. మంచు కమ్మినట్టు మసక. ముట్టుకుంటే వేలికి జిగురు.

"ఏం చేశావు పెద్దనానమ్మా?"

"నేనేం చేశానే! కంటికి రెప్పలా చూసుకుంటున్నాను."

మనవరాలు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. "సెంటు!"

"ఈ వయసులో సెంటు ఎవరికోసం వదినా?" అన్నాను.

"నీ మొహం. నాకు కాదు, దానికి."

సంగతేమిటంటే, అన్నయ్య స్నానం చేసి పూసుకునే సెంటు సీసా ఇంకా వదిన దగ్గరే ఉంది. రోజూ పొద్దున్నే లాకెట్ మీద ఒక చుక్క రాస్తోంది. "సిరా ఆయనదే కదా. వాసన కూడా ఉంటే పక్కన కూర్చున్నట్టే ఉంటుందని..." అంది. "నేను పూసుకునేటప్పుడు తీయమన్నావు. నేను పూసుకుంటేగా!"

మనవరాలు నవ్వలేదు. "సెంటులో స్పిరిట్ ఉంటుంది పెద్దనానమ్మా. పెద్దతాతయ్య సిరాను కరిగించింది కూడా స్పిరిటే. పైపొర వరకే పాడైతే బాగుచేస్తాను. లోపల సిరాదాకా దిగితే మాత్రం నా చేతిలో లేదు. మళ్లీ చేద్దామంటే సిరా లేదు."

వదిన స్టూలు మీద కూలబడింది. "అయితే రోజూ నా చేత్తోనే ఆయన్ని కడిగేసుకుంటున్నానా?"

మనవరాలు ముక్కుకు గుడ్డ కట్టుకుని, తడిపిన ఉప్పు కాగితంతో పైపొరను రుద్దడం మొదలుపెట్టింది. జిగురు పోయింది గానీ, రుద్దేకొద్దీ బిళ్ల ఇంకా తెల్లబడి సున్నపు ముక్కలా తయారైంది.

"చంపేశావే!" అంది వదిన.

ఏదో ఒక కోత కోసి నవ్విద్దామని నోరు తెరిచాను. ఒక్కటీ రాలేదు.

మనవరాలు వేలు నీళ్లలో ముంచి బిళ్ల మీద ఒక్క బొట్టు వదిలింది. బొట్టు మెల్లగా పరుచుకుంది. అది పరుచుకున్న మేర మంచు విడిపోయి, అడుగు నుంచి నీలం తేలి వచ్చింది. ముందు ఒక అల, దాని వెనక ఇంకొకటి. గదిలో గోడలు కూడా కాసేపు నీలంగా ఊగాయి. ఇది మాత్రం కోత కాదు. వదిన ఊపిరి తీయడం మరిచి చూస్తోంది.

"సిరా బతికే ఉంది," అంది మనవరాలు. "ఇక్కడ రింగు దగ్గర మాత్రం రంధ్రంలోంచి సెంటు దిగి కొంచెం వెలిసింది."

"ఉండనీలే. ఆయన తల కూడా ముందు అక్కడే నెరిసింది."

"పైన కొత్త పొర పోస్తాను. కానీ ఇక దీనికి సెంటు రాయకూడదు."

వదిన బిళ్ల మీదికి వంగి వాసన చూసింది. "మరి ఆయన వాసన?"

"నువ్వు పూసుకో. పూర్తిగా ఆరాక లాకెట్ వేసుకో. అన్నిటికన్నా చివర వేసుకోవాలి, అన్నిటికన్నా ముందు తీయాలి."

"మగాళ్ల సెంటు నేను పూసుకోవడమేంటే? నలుగురూ ఏమనుకుంటారు?"

"వాసన తెలిసేంత దగ్గరికి నీ నోటికి జడిసి ఎవరొస్తారు వదినా!"

"నువ్వున్నావుగా తగలడ్డానికి!"

కొత్త పొర ఆరింది. లాకెట్ వదిన ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత ఒక ఉదయం నేను వీధి గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని, తీరిగ్గా సిగరెట్టు కాలుస్తున్నాను. వెనక నుంచి అన్నయ్య సెంటు వాసనతో గాలి వీచింది. చటుక్కున లేచి నిలబడ్డాను. సిగరెట్టు దానంతటదే నా వీపు వెనక్కి పోయింది.

వెనక్కి తిరిగితే వదిన. మెడలో సముద్రం మెల్లగా కదులుతోంది. నన్నూ, వెనక్కి పోయిన నా చేతినీ మార్చి మార్చి చూసింది. సిగరెట్టు వేలు కాలుస్తున్నా వదలడానికి నాకు ధైర్యం చాలడం లేదు.

"మీ అన్నయ్య చూడలేదులే," అంది. "పారేయ్."