రెండు బట్టీల మధ్య గోడ

ఎదెల్మీరా మరో టైరు ముక్కను బట్టీ నోట్లోకి తోస్తుండగా ఫోను మోగింది. కూతురు ఒతీలియా.

"అమ్మా, ఆపెయ్! ఇల్లంతా పొగ. హిమేనాకి ఊపిరాడట్లేదు!"

"పీల్చే మందు పెట్టావా?"

"పెట్టా, పనిచెయ్యట్లేదు. ఆంబులెన్సు గట్టు మీదే ఆగిపోయింది, కిందికి దారి కనపడట్లేదంట. దాన్నెత్తుకుని ఈ పొగలోంచి ఎలా రమ్మంటావ్? తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి కూర్చున్నాం. ఇదంతా నీ పొగేనమ్మా!"

ఎదెల్మీరా తలెత్తి చూసింది. జనవరి చలికి హువారెస్ నగర శివారులోని ఇటుకల వాడ మీద గాలి బిగుసుకుపోయింది. బట్టీలోంచి లేచిన నల్లటి పొగ కొంచెం పైకి పోయి, అక్కడే వంగి, కూతురి ఇల్లున్న పల్లంలోకి జారుతోంది. రంపపు పొట్టు లారీ రాలేదని పొద్దున్నే టైర్లకు దిగింది. ఒక్క పూటేగా అనుకుంది.

నీళ్లు కుమ్మరిస్తే? ఎర్రగా కాలుతున్న బట్టీ మీద నీళ్లు పడితే పొగ రెట్టింపవుతుంది. అది చల్లారేదాకా మనవరాలు తట్టుకోలేదు.

ఒక్కటే దారి. పక్క బట్టీ మరిది ఔసెన్సియోది. రెండింటినీ కలుపుతూ నేల కింద సొరంగం తవ్వింది అన్నదమ్ములిద్దరూ. ఒక బట్టీ కాలుతుంటే దాని పైభాగం మూసేస్తారు. పొగ సొరంగంలోంచి వెళ్లి, రెండో బట్టీలో పేర్చిన పచ్చి ఇటుకల మధ్య దూరి, మసంతా వాటికి వదిలేసి పలచగా బయటపడుతుంది. భర్త పోయాక, మరిది పొగ తన ఇటుకల్ని నల్లబరుస్తోందనీ, మేస్త్రీలు పెదవి విరుస్తున్నారనీ ఎదెల్మీరా తన వైపు సొరంగంలో గోడ కట్టేసింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

గునపం అందుకుని పరుగెత్తింది.

"మరిదీ! నీ బట్టీలో ఇటుకలున్నాయా?"

ఔసెన్సియో చేతిలోని కాఫీ కప్పు దించలేదు. "ఏంటొదినా, దారి తప్పొచ్చావా? నా నీడ పడితే నీ ఇటుకలకి మసంటుకుంటుందేమో చూసుకో."

"హిమేనాకి ఊపిరందట్లేదు. నా పొగ నీ బట్టీలోకి వదలాలి."

కప్పు కింద పెట్టాడు. "నిన్ననేగా పేర్చింది. లోపలింకా తడారలేదు. అంత వేడి ఒక్కసారి తగిల్తే మొత్తం పేలిపోతాయి."

"తెలుసు."

"అయినా పొట్టు పొగ అంత నల్లగా ఉండదే?"

ఆమె కళ్లు దించుకుంది. "టైర్లు."

"మనవరాలి నెత్తి మీద టైర్లు కాలుస్తున్నావా? మా అన్నే ఉంటేనా..." గోడకు ఆనించిన రేకుల్ని భుజానికెత్తుకున్నాడు. "నన్ను చూస్తూ నిలబడకు! గోడ పగలగొట్టు. నీ బట్టీ పైన నేను మూస్తా."

ఎదెల్మీరా తన బట్టీ పక్కనున్న సొరంగం గోతిలోకి దిగింది. దెబ్బ మీద దెబ్బ వేసింది. ఊడిన ఇటుక ముంజేతి మీద పడి చర్మం కాలింది. గునపం వదల్లేదు. పైన ఔసెన్సియో రేకులు పరిచి, సందుల్లో తడిమట్టి కొడుతున్నాడు. దారి మూసుకుపోయిన పొగ మొదట వెనక్కి తన్ని ఆమె ముఖాన కొట్టింది. తర్వాత గోడ కూలింది. సొరంగం పొగను లాక్కుంది.

పక్క బట్టీ మీద బూడిద రంగు తెర లేచింది. పల్లం మీద నలుపు మెల్లగా చెదురుతోంది. అంతలో మరిది బట్టీలో టప్‌మని శబ్దం. వెంటనే టపటపా మరికొన్ని.

ఔసెన్సియో అటు తిరగనైనా లేదు. "పేలనీ. నా పొట్టు కుప్ప తీసుకో. మంట తగ్గనియ్యకు, సొరంగం లాగుడు పోయిందంటే పొగ మళ్లీ వెనక్కి తన్నుద్ది."

ఫోను మోగింది. వెనక సైరను వినిపిస్తోంది.

"ఆంబులెన్సు కిందికొచ్చింది, ఎక్కించాం." అంది ఒతీలియా. "పెదాలు నీలమైపోయాయి. పిలిస్తే పలకట్లేదమ్మా."

"ఆసుపత్రికొచ్చేస్తున్నా."

"రావద్దు. ఆ వాసనతో దాని దగ్గరికి రావద్దు."

ఫోను కట్టయింది. పైన రేకు సందులోంచి నల్లటి పాయ చిమ్మింది. ఔసెన్సియో మట్టిముద్దతో దాని మీద పడ్డాడు. "వదినా, మంట!"

పైనొకరు, కిందొకరు. ఎవరు కదిలినా ఆ పొగ మళ్లీ పల్లంలోకే పోతుంది. అక్కడ ఇంకా ఇళ్లున్నాయి, ఇంకా పిల్లలున్నారు.

సైరను గట్టెక్కి, ఇటుకల వాడ వెనక నుంచి దాటిపోయింది. ఎదెల్మీరా తల తిప్పలేదు. పార నిండా పొట్టు ఎత్తి మంటలోకి విసిరింది.