నిమ్మకాయలు వేలాడిన మేకు

నేను ఒక డైనో యంత్రాన్ని. నోరు తిరగకపోతే ‘రోలర్లు’ అనండి, బెజవాడ ఆటోనగర్‌లో అందరూ అలాగే పిలిచేవారు. నేలలో గొయ్యి తవ్వి, రెండు భారీ ఇనుప రోలర్లను దించితే అదే నేను. బండి వెనక చక్రాలను నా మీద నిలబెట్టి, కదలకుండా బెల్టులతో బిగించి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కుతారు. బండి అంగుళం కదలదు, తిరిగేది నేను. ఎంత బలంగా తిప్పిందో చూసి, అది ఎన్ని గుర్రాల బలమో నా పక్కనున్న కంప్యూటర్ చెబుతుంది.

పుణె దగ్గర ఒక కార్ఖానాలో పుట్టాను. మొదట నన్ను కొనుక్కున్నది కోయంబత్తూరులోని ఒక పరీక్షా కేంద్రం. అక్కడి ఇంజనీర్లు పెళ్ళిచూపులకు వచ్చిన మేనత్తల్లాంటి వాళ్ళు. ఏ బండినైనా మళ్ళీ మళ్ళీ తిప్పించి చూసేవారు, దేనికీ ఓ పట్టాన తృప్తిపడేవారు కాదు. ఆ రోజుల్లో వాళ్ళను తిట్టుకున్నాను, బుద్ధిలేక. ఆ కేంద్రం మూతపడ్డాక వేలంలో నన్ను పాడుకుని తెచ్చుకున్నవాడు జిలానీ. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పగలడని ఆటోనగర్‌లో పేరున్న మెకానిక్. వచ్చినరోజే కిరసనాయిలు గుడ్డతో నన్ను తుడిచి, చిన్నపిల్లకు చెప్పినట్టు “ఇక నువ్వే నా పరువు తల్లీ” అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

మనుషులతో నాకు మొదటినుంచీ ఒకటే పేచీ. వాళ్ళు నా దగ్గరికి నిజం కోసం రారు, ముందే మనసులో పెట్టుకున్న అంకె కోసం వస్తారు. కంపెనీవాడు చెప్పిన బలం ఇంజన్ దగ్గరిది. బావి దగ్గర నింపిన బిందె ఇంటికొచ్చేసరికి కొంత తొణికిపోయినట్టు, అది గేర్లు దాటి, ఇరుసు దాటి చక్రానికి చేరేలోపు కొంత తగ్గుతుంది. ఆ మాట చెబితే “నీ రోలర్లు తప్పు” అని జిలానీ మీద విరుచుకుపడేవారు.

ఇంకొక మెలిక ఉంది. ఎండ ముదిరితే గాలి పలచబడి ఇంజన్ నీరసిస్తుంది. జనవరిలో తీసిన లెక్కనూ మేలో తీసిన లెక్కనూ పోల్చాలంటే, ఎండ తినేసిన బలాన్ని కంప్యూటర్ తిరిగి కలపాలి. అందుకు గది వేడి తెలియాలి. దానికోసం వేడిని పసిగట్టే సెన్సర్, వేలెడంత కొలికి ఒకటి వైరు చివర ఉండేది. బండికి దూరంగా, నీడపట్టున గోడ మేకుకు దాన్ని వేలాడదీసేవాడు జిలానీ. కలిపిన అంకె కాగితం మీద పెద్ద అక్షరాల్లో వచ్చేది. నేను నిజంగా మోసిన బలం దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది. దాన్ని చదివిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

రోహిణి కార్తెలో ఏడుకొండలు వచ్చాడు. కైకలూరు వైపు చేపల చెరువుల ఆసామి. ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బోను మార్పించి, గుట్టలెక్కే పందేలకు తిప్పే ఎర్ర పికప్ అతని ప్రాణం. ఏప్రిల్‌లో తూచినప్పుడు పెద్ద అంకె రెండువందల తొంభై అయిదు, చిన్న అంకె రెండువందల ఎనభై నాలుగు. జిలానీ ఇంజన్ తాగే ఇంధనం లెక్కలు మార్చి మళ్ళీ రమ్మన్నాడు.

“ఒరే జిలానీ, చెరువుగట్టు మీద అందరికీ మూడొందలని చెప్పేశాన్రా. ఈసారి దాటకపోతే మా బావమరిది నన్ను బతకనివ్వడు” అన్నాడు ఏడుకొండలు, చెమట తుడుచుకుంటూ.

“వచ్చుద్ది అన్నా, నేనున్నాగా” అన్నాడు జిలానీ.

బండికి దిష్టి తగలకూడదని ఏడుకొండలు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ తెచ్చాడు. ఎదురుగా ఉన్నది ఒక్కటే మేకు. దానికున్న కొలికిని తీసి, పడిపోకుండా బండి ముందు జాలీకి చుట్టి, మేకుకు దండ తగిలించాడు. జిలానీ అప్పుడు బెల్టులు బిగిస్తున్నాడు, చూడలేదు. రేడియేటర్ సెగ కొలికి మీద కొడుతోంది. అయ్యో, అది గది వేడి కాదర్రా! అని నేను మొత్తుకున్నా ఇనుము గోడు ఎవరికి వినిపిస్తుంది?

బండి నా మీద తిరిగింది. తిరుగుతుండగానే నాకు గుబులు పుట్టింది. పోయినసారి ఉన్న ఊపు లేదు. పైకి వెళ్ళేకొద్దీ ఎక్కడో ఊపిరి లీకవుతోంది. టర్బో నుంచి ఇంజన్‌కి గాలి తెచ్చే గొట్టం చీలిందని నాకు అనిపించింది.

కాగితం బయటికొచ్చింది. పెద్ద అంకె, మూడువందల నాలుగు.

ఏడుకొండలు జిలానీని ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. బందరు లడ్డూల పెట్టె విప్పాడు. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు సెల్‌ఫోన్లతో మూగారు. ఆ సందట్లో జిలానీ ఒక్కడే కాగితం మీదికి వంగాడు. చిన్న అంకె, రెండువందల డెబ్బై ఆరు. బలం పెరగలేదు, తగ్గింది. తల తిప్పి నిమ్మకాయలను చూశాడు, ఆ తరవాత బండి ముందు జాలీని చూశాడు. ఆ సెగనే ఎండ అనుకుని కంప్యూటర్ లేని బలాన్ని కలిపేసిందని అతనికి తెలిసిపోయింది.

“అన్నా, ఇంకో...” అన్నాడు.

“ఇంకో మాట లేదు, నోరు తెరువు!” అని ఏడుకొండలు లడ్డూ కుక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జిలానీ నమిలాడు, మింగాడు. లడ్డూతో పాటు ఆ మాట కూడా మింగేశాడు.

ఆ ఆదివారమే పందెం. నిటారు ఎక్కుడులో, సగం దారిలో గొట్టం విడిపోయి ఇంజన్ ఆగింది. ఏడుకొండలుతో సహా బండి వెనక్కి జారి బండరాయికి కొట్టుకుంది. కబురు విన్న జిలానీ నా పక్కనే నేల మీద కూలబడి, తల నా ఇనుముకు ఆనించి ఏడ్చాడు. నాకు అతని మీద జాలి వేసింది. కోపమూ వచ్చింది. ఎంతమంది చప్పట్లు కొడితే మాత్రం, నోట్లో నాలుక లేకపోయిందా!

దసరా వెళ్ళాక ఏడుకొండలు వచ్చాడు, చంకలో కర్రతో. కుడి మోకాలి కింద పంట్లాం ఖాళీగా వేలాడుతోంది. జేబులోంచి ఆ కాగితమే తీశాడు, అద్దంలా ప్లాస్టిక్ అంటించి ఉంది.

“మా అమ్మాయి అడిగింది, ఈ కింద చిన్నదేంటి నాన్నా అని. ఏంట్రా అది?”

జిలానీ చెప్పాడు. ఏమీ దాచలేదు.

“ఆ రోజు చూశావా?”

“చూశానన్నా.”

ఏడుకొండలు తిడతాడని, కర్రెత్తి కొడతాడని అనుకున్నాను. అతను కాగితాన్ని నా రోలర్ మీద పెట్టి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. జిలానీ ఆ తరవాత ఏ బండినీ నా మీదికి ఎక్కించలేదు.

ఈ రోజు నన్ను పాత ఇనుముకు అమ్మేశాడు. క్రేనుతో గోతిలోంచి పెకలించి లారీలో పడేశారు. కొనేవాడి జాగ్రత్త చూడండి! నన్ను ఎక్కించకముందే లారీని ఖాళీగా కాటా మీద తూయించాడు, తరవాత నాతో కలిపి తూయించి, దాని బరువు తీసేశాడు. ఇనుప ముక్కకు ఇంత విచారణ.

కాటావాడు అంకె చదివి “అయిపోయింది భాయ్, లారీ తీసెయ్యండి” అన్నాడు.

జిలానీ కాటా గది కిటికీలోంచి తొంగి ఆ అంకెనే చూస్తున్నాడు.

“ఇంకోసారి తూచు” అన్నాడు.

“సరిగ్గానే ఉంది కద భాయ్. నమ్మకం లేదా?”

“నీ మీద కాదులే. ఇంకోసారి తూచు.”

కాటావాడు విసుక్కుంటూ చెయ్యి ఊపాడు. లారీ వెనక్కి దిగి, నన్ను మోసుకుంటూ మళ్ళీ కాటా ఎక్కింది.